జిగురు చెప్పిన దిక్కు

రేవులో అతన్ని అందరూ జిగురు అంటారు. అమ్మ పెట్టిన పేరు వేరే ఉంది గానీ, దాంతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని అతనే పట్టించుకోడు. చేసే పనిని బట్టి వచ్చిన పేరు అది. రేవు చివర, ఒకప్పుడు ఐసు ఫ్యాక్టరీ ఉన్న పొడుగాటి గదిలో సముద్ర పరిశోధన ఆఫీసు పెట్టారు. లోతుల్లో నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి, ఎంత ఉప్పగా ఉన్నాయి, ఏ ప్రవాహం ఎటు మళ్లుతోంది అని తెలుసుకోవడం వాళ్ల పని. ఏడాది పొడుగునా అంత లోతుకు మునిగి చూసొచ్చే మనిషెవడున్నాడు? అందుకని ఆ పని సీళ్లకు అప్పజెప్పారు.

సీలంటే తెలుసు కదా, కుక్కమూతి, మీసాలు, నున్నటి ఒళ్లు. నీళ్లలో ఉన్నంతసేపూ మహా చురుకు, ఒడ్డెక్కితే మాత్రం భోంచేసి పడుకున్న మామగారే. రేవుకు ఎదురుగా సముద్రంలో ఒక నల్లబండ ఉంది. సీళ్లు ఎండకోసం ఎక్కి పడుకునేది దాని మీదే. వల వేసి పట్టి, మత్తుమందిచ్చి, నడినెత్తి మీద బొచ్చు తుడిచి ఆరబెట్టి, అరచేతిలో పట్టేంత సెన్సార్ అతికిస్తారు. సీలు మునిగినప్పుడల్లా అది నీళ్లను కొలుస్తుంది. ఊపిరికోసం తల పైకెత్తగానే, కొలిచిందంతా ఉపగ్రహానికి పంపేస్తుంది. బొచ్చు రాల్చే కాలం వస్తే బొచ్చుతో పాటు అదీ ఊడిపోతుంది. కష్టమంతా అతికించడంలోనే ఉంది. జిగురు పల్చనైతే సెన్సార్ జారిపోతుంది, మందమైతే ఆరేటప్పుడు వేడెక్కి చర్మం కాలుతుంది. ఆ పని మనవాడు చేసినంత శుభ్రంగా ఇంకెవరూ చేయరని డాక్టరమ్మ నలుగురిలో చెప్పేది.

డాక్టరమ్మంటే సూదులు వేసే డాక్టరు కాదు, సముద్రం చదువుకున్న డాక్టరు, ఆ ఆఫీసుకు పెద్ద. ఆమె గట్టిగా పట్టుకున్న నియమం ఒకటే. గోడ మీది తెరలో ఒక్కో సీలు ఒక్కో చుక్కలా కనబడుతుంది. ఆ చుక్కలు ఎక్కడున్నాయో బయట ఒక్క పిట్టకు కూడా తెలియకూడదు. సీళ్లు మునిగే చోట చేప ఉంటుంది. సంగతి పొక్కిందంటే రేవులోని పడవలన్నీ అక్కడికే పోతాయి, వలల్లో చిక్కిన సీళ్లు ఊపిరాడక చస్తాయి.

ఆమె జిగురును కళ్లు మూసుకుని నమ్మింది. అతని కడుపులో ఎంత పగ ఉందో ఆమెకేం తెలుసు పాపం.

పగ ఎవరి మీదనుకున్నారు? తోడబుట్టిన అన్న మీద. నాన్న పోయాక పడవ అన్నదమ్ములిద్దరిదీ, చెరిసగం అని అమ్మ మంచం మీద ఉండగా చెప్పింది. అన్న విన్నాడు, వదిన విన్నది, జిగురు విన్నాడు. అమ్మ పోయిన కొత్తల్లోనే, ఒక పొద్దున జిగురు పడవెక్కబోతుంటే, అన్న పైనుంచి అతని వానకోటు తీసి రేవు మీదికి విసిరేశాడు. జీతానికొచ్చినవాడు జీతం తీసుకుని పోవాలి గానీ వాటా అడగడమేంటని పదిమందీ వినేలా అరిచాడు. జిగురు వెర్రివాడిలా వదిన వైపు తిరిగాడు. అమ్మ ఏం చెప్పిందో నువ్వే చెప్పు వదినా అని బతిమాలాడు. మొగుడికి అన్నం డబ్బా తెచ్చిన వదిన దాని మూత సరిచేసుకుంటూ నేలచూపులు చూసింది. గుంపులో ఎవరో నవ్వారు. జిగురు వానకోటు తీసుకుని ఆ నవ్వు వింటూనే రేవు దిగి వచ్చేశాడు.

పగ ఉన్నవాడికి నిద్ర పట్టదంటారు. వట్టి మాట. జిగురు పగను పక్కలో పెట్టుకుని హాయిగా గుర్రు కొట్టేవాడు. అతని కోరిక ఒక్కటే. అదే రేవు మీద, అదే పదిమంది ముందు, అన్న తలెత్తుకోలేకుండా నిలబడాలి, తను కళ్లారా చూడాలి. వాటా రాకపోయినా ఫరవాలేదు, ఆ మొహం చూస్తే చాలు.

అలాంటి అన్న ఒక సాయంత్రం టీ కొట్టులో తనంతట తనే వచ్చి పక్కన కూర్చున్నాడు. టీ తెప్పించాడు. ఎంతైనా ఒక కడుపున పుట్టినవాళ్లం అన్నాడు, జరిగిందేదో జరిగిపోయిందన్నాడు, చివరికి అసలు సంగతికి వచ్చాడు. ఆ సీళ్లు ఈమధ్య ఎటు మేస్తున్నాయో ఒక్క మాట చెవిన వేస్తే పుణ్యముంటుందన్నాడు.

జిగురుకు ఒళ్లు మండిపోయింది. టీ మొహాన కొడదామనుకుని గ్లాసు ఎత్తాడు కూడా. ఎత్తిన గ్లాసును నెమ్మదిగా నోటి దగ్గర పెట్టుకుని ఒక గుక్క తాగాడు. ఆ రోజు తెరమీద చుక్కలన్నీ నల్లబండకు ఉత్తరాన ఉన్నాయి.

"దక్షిణాన" అన్నాడు.

మర్నాడు అన్న ఖాళీ పడవతో తిరిగొచ్చాడు. తాడు కడుతూ, తడిసిన వలను తన్నుతూ, సముద్రాన్నీ తన జాతకాన్నీ కలిపి తిట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు ముసిముసిగా నవ్వారు. ఆఫీసు కిటికీ లోంచి చూస్తున్న జిగురుకు కడుపు చల్లబడింది. ఆ పూట అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాడు.

ఇక అలవాటైపోయింది. చుక్కలు ఉత్తరానుంటే దక్షిణమనేవాడు, తూర్పునుంటే పడమరనేవాడు. అన్న తలూపి వెళ్లేవాడు, ఖాళీగా వచ్చేవాడు, రేవంతా వినబడేలా మొత్తుకునేవాడు. పట్టపగలు చుక్కలు చూపించడమంటే ఇదేనని జిగురు తనలో తను మురిసిపోయేవాడు. డాక్టరమ్మకు ద్రోహం చేస్తున్నానని కూడా అనిపించేది కాదు, తను చెప్పేది నిజం కాదు కదా! అన్న ఇల్లు గడవటం కష్టమైంది. వదిన ఊళ్లోవాళ్ల చిరిగిన వలలు తెచ్చుకుని, అరుగు మీద కూర్చుని, వేళ్లు కోసుకుపోతున్నా అల్లుతూ సంసారం నెట్టుకొచ్చేది. అటుగా పోతూ చూసి, బాగా అయింది, ఆ రోజు నేలచూపులు చూసిందిగా, అనుకునేవాడు జిగురు.

ఈలోగా ఆఫీసులో ఒక చుక్క ఆరిపోయింది. ముక్కు మీద తెల్లమచ్చ ఉన్న ఆడ సీలుది. అందరికంటే లోతుకు మునిగేది అదే. చల్లటి ప్రవాహం ఒకటి బండకు ఉత్తరాన కొత్తగా లోపలికి వస్తోందని దాని సెన్సార్ వల్లే తెలిసింది. డాక్టరమ్మ రెండు పూటలు తెర ముందే కూర్చుని, చివరికి జిగురును పిలిచి, దానికి జిగురు సరిగ్గా ఆరిందా అని అడిగింది. జిగురుకు తల కొట్టేసినట్టయింది. తన చేతులతో అతికించింది ఊడటమా? సముద్రం అన్నాక ఏదైనా జరగొచ్చని గొణిగి బయటపడ్డాడు గానీ, ఆ ప్రశ్న చాలా రోజులు గుచ్చుకుంటూనే ఉంది.

గాలివాన వచ్చింది ఆ తర్వాతే. రేపు సాయంత్రానికి గాలి ముదురుతుందని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. సరిగ్గా ఆ పూటే అన్న టీ కొట్టు దగ్గర కాపు కాశాడు. చుక్కలు ఉత్తరాన ఉన్నాయి. దక్షిణాన నీళ్ల కింద ఇసుక తిన్నెలు, గాలి లేస్తే అక్కడ అలలు ఎటునుంచి కొడతాయో తెలియదు. జిగురుకు ఇవన్నీ తెలుసు. తెలిసే దక్షిణం అన్నాడు. ఆ తిన్నెల మీద వల పీలికలైపోతే బాగుండుననుకున్నాడు. మనుషుల సంగతి ఆలోచించలేదు.

మర్నాడు సాయంత్రం గాలి ఆఫీసు తలుపులు బాదుతుండగా వదిన వచ్చింది. తల నుంచి పాదాల దాకా తడిసి ఉంది. వానకోటు విసిరేసిన పొద్దు తర్వాత ఆమె జిగురుతో మాట్లాడటం అదే మొదలు.

"అబ్బాయ్, మీ అన్న ఇంకా రాలేదు. ఫోను పలకట్లేదు. ఎటు వెళ్లాడో నీకేమైనా చెప్పాడా?"

చెప్పలేదు అనొచ్చు. అనాలనే అనుకున్నాడు. ఆమె ముక్కుపచ్చలారని పిల్లేం కాదు, నోరు తెరవాల్సినప్పుడు మూసుకున్న మనిషి, ఇప్పుడు తనూ మూసుకుంటే లెక్క సరిపోతుంది. కానీ ఆమె వేళ్ల నిండా వల తాళ్లు కోసిన గీతలు కనబడ్డాయి. జిగురు గబగబా లోపలికెళ్లి, ఆఫీసు మొత్తం వింటుండగా డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు.

"అన్న దక్షిణాన తిన్నెల దగ్గరున్నాడు. నేనే పంపాను. ఇన్నాళ్లూ చుక్కలు ఎటున్నాయో కావాలనే తప్పు చెప్తున్నానమ్మా."

డాక్టరమ్మ అతని మొహం వైపు ఒక్కసారి చూసి ఫోను అందుకుంది. రేవు రక్షణ పడవ ఆ గాలిలోనే దక్షిణానికి బయల్దేరింది. అందులోని కుర్రాళ్లు తిన్నెల చుట్టూ ప్రాణాలకు తెగించి వెతికారు. అల కొట్టి ఒకడి చెయ్యి విరిగింది. అన్న పడవ జాడ లేదు, చెక్క ముక్క కూడా దొరకలేదు. వాళ్లు తిరిగొచ్చి ఆ మాట చెప్పాక వదిన రేవు మీదే కూలబడింది. జిగురు ఆమెకు కాస్త దూరంలో తడుస్తూ నిలబడ్డాడు. దగ్గరికెళ్లే మొహం లేదు. అన్న అవమానపడాలని కోరుకున్నాడు గానీ చావాలనా? కాదు అని ఎన్నిసార్లు అనుకున్నా, తనకే పూర్తిగా నమ్మకం కుదరలేదు.

తెల్లారి గాలి తగ్గింది. రేవంతా జనం. డాక్టరమ్మ కూడా అక్కడే ఉంది. అప్పుడు కనబడింది పడవ, దక్షిణం నుంచి కాదు, ఉత్తరం వైపు నుంచి. చిరుగు లేదు, గీత లేదు, నింపాదిగా వచ్చి రేవుకు ఆనుకుంది. అన్న దర్జాగా దిగాడు. ఏమిటీ జనం అని ఆశ్చర్యపోయాడు. జిగురు చెప్పిన మాట విని రక్షణ పడవ దక్షిణాన వెతికిందని ఎవరో చెప్పగానే విరగబడి నవ్వాడు.

"వీడు చెప్పిన చోటికి నేను మొదటిరోజు తప్ప ఎప్పుడు పోయాను? చిన్నప్పటినుంచీ వీడి అబద్ధం ఒకటే తీరు. బంతి మంచం కింద దాస్తే అటక మీదుందంటాడు. దక్షిణం అన్నాడంటే చేప ఉత్తరానుందనే!"

ఇక ఆ నోరు ఆగలేదు. తమ్ముణ్ణి పదిమందిలో చిత్తు చేసే అవకాశం వచ్చింది, వదులుతాడా? ప్రతిసారీ ఉత్తరానో తూర్పునో పడవ నిండా పట్టి, పక్క రేవులో అమ్మేసి, కడిగిన పడవతో ఇక్కడికొచ్చి ఏడుపు నటించేవాడినని చెప్పాడు. నిన్న కూడా పక్క రేవులోనే తలదాచుకున్నాడట. పనిలో పనిగా, ముక్కు మీద మచ్చున్న సీలొకటి వలలో చిక్కి చచ్చిందనీ, తల మీద డబ్బా ఉంటే రంపంతో కోసి నీళ్లలోకి విసిరేశాననీ చెప్పుకుని నవ్వాడు. కొందరు అతనితో పాటు నవ్వారు. జిగురు డాక్టరమ్మ వైపు చూశాడు. తను పూసిన జిగురు బాగానే ఆరింది, సీలును చంపింది తన నాలుకే. ఆమె రేపటినుంచి ఆఫీసుకు రానక్కర్లేదని చెప్పి వెళ్లిపోయింది.

వదిన లేచింది. చీర పిండుకుంది.

"పడవ నిండా పట్టావా?" అని అడిగింది మొగుణ్ణి.

అప్పటిగ్గానీ అన్నకు తను ఎవరి ముందు వాగుతున్నాడో గుర్తు రాలేదు. ఖాళీ పడవల కథ అతను రేవుకే కాదు, ఇంట్లోనూ చెప్పాడు. నవ్వు మొహం మీదే ఎండిపోయింది. అది కాదే, ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం అని నసిగాడు.

ఆమె ఇంటికెళ్లలేదు. గుంపు వైపు తిరిగి, పడవలో సగం మరిదిదని మా అత్త నా ఎదుటే చెప్పింది, ఆ రోజు ఈయన కోసం ఆ మాట దిగమింగాను, ఇవాళ కక్కేస్తున్నాను అని చెప్పింది. అన్న ఎటు చూడాలో తెలియక కాళ్లవైపు చూసుకున్నాడు. వెనక ఎవరో నవ్వారు. జిగురు ఇన్నాళ్లూ కలలుగన్న మొహం అదే, అచ్చం అదే. అతని పెదవులు వాటంతట అవే విచ్చుకున్నాయి.

"నువ్వేం ఇకిలించకు" అంది వదిన అతని వైపు తిరిగి. "ఆయన నా కడుపు మాడ్చాడు. నువ్వు నన్ను విధవని చేయబోయావు. నీ అబద్ధానికి పరాయి పిల్లాడి చెయ్యి విరిగింది. ఎవడు మేలో నన్ను అడగొద్దు."

పడవలోకి దిగి ఇంజిన్ తాళం పీక్కుని వచ్చింది. ఇద్దరూ కలిసి, పక్కపక్కన నిలబడి, ఒక్క నోటితో అడిగితేనే ఇస్తానంది. ఒక్కడే వస్తే గడప తొక్కనివ్వనంది. తాళం చెంగున ముడేసుకుని, జనం పక్కకు తప్పుకుంటే మధ్యలోంచి నడిచి వెళ్లిపోయింది.

జనమూ కదిలిపోయాక అన్నదమ్ములిద్దరే మిగిలారు. ముందు నోరు విప్పినవాడు ఓడిపోయినట్టేనని ఇద్దరికీ తెలుసు. అన్న ఇప్పుడు వేరేవాళ్ల పడవ మీద జీతానికి పోతున్నాడు. జిగురు రేవులో మూటలు మోస్తున్నాడు. రోజూ ఎదురుపడతారు, మొహాలు తిప్పుకుంటారు. పడవ ఇప్పటికీ కట్టేసిన చోటే ఉంది, అడుగున నాచు పట్టింది.