ఫొటో లేని సన్మానం

ఉత్తరాదిలోని మా ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, బర్మామైన్స్ పేటలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక శిల్పి ఉంటున్నాడు. ఏ దేశం నుంచి వచ్చాడో రాయను, రాయొద్దన్నాడు. అక్కడి పాలకుణ్ణి మేకగా చేసి నడిబజార్లో నిలబెట్టాడట. జైల్లో పెట్టారు. బయటికొచ్చాక దేశం దాటి, చివరికి తుక్కు ఇనుము పుష్కలంగా దొరికే మా ఊరు చేరాడు. బుద్ధి మారలేదు, ఇప్పటికీ మేకల్నే చేస్తాడు. పాత బోల్టులు, అరిగిన గొలుసులు, పళ్లచక్రాలు కలిపి వెల్డింగ్ చేస్తే మేక గడ్డంతో సహా లేచి నిలబడుతుంది. మొదట్లో ఇళ్లకు గేట్లు, గ్రిల్లులు చేసి బతికాడు. తర్వాత ఢిల్లీ వాళ్లెవరో ఆ మేకల్ని చూసి ప్రదర్శన పెట్టారు. ఇప్పుడవి ఓడలెక్కి విదేశాలు తిరుగుతున్నాయి. ఆయన మాత్రం తన ప్రదర్శనలకు కూడా వెళ్లడు.

రైల్వేలో రిటైరయ్యాక నాకు దొరికిన కొలువు తెలుగు సంఘం కార్యదర్శి పదవి. జీతం సున్నా, చీవాట్లు దండిగా. ఉగాదికి శిల్పికి సన్మానం చేద్దామని నేనే అన్నాను. మా అధ్యక్షుడు, ఊళ్లోనే సోనారి పేటలో ఉండే కాంట్రాక్టరు, ఎగిరి గంతేశాడు. వీధి మొదట్లో ఫ్లెక్సీ, హిందీ పేపర్లో ఫొటో అని అప్పటికప్పుడే తేల్చేశాడు.

శాలువా అంటే సరేనన్న శిల్పి, ఫొటో అనగానే తల అడ్డంగా ఊపాడు. తన ముఖం ఎక్కడ అచ్చయినా, సొంత దేశంలో ఉన్న చెల్లెల్ని పోలీసు స్టేషనుకు పిలుస్తారట. అన్న ఎక్కడున్నాడో చెప్పమని పొద్దుపోయేదాకా కూర్చోబెడతారట. కిందటిసారి ఆమె భర్త చెయ్యి విరిగి ఇంటికొచ్చాడట.

ఇదంతా అధ్యక్షుడికి చెప్పాను. ఆయన బుర్ర గోక్కుని, "ఫొటో నేకపోతే సన్మానం ఏటండీ? ఉప్పు నేని పప్పు," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె మీ తోడబుట్టినదైతే ఇలాగే అంటారా అని అడిగేశాను. ఆయన స్కూటరెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు ఫ్లెక్సీ వచ్చింది. కమిటీ వాళ్లందరి ముఖాలూ ఉన్నాయి, సన్మానం అందుకునే మనిషిది తప్ప. మాకు మేమే చేసుకుంటున్నామని ఊళ్లో నవ్వుకున్నారు.

సభలో ఫొటోలు తీయొద్దని మైకులో పదేపదే చెప్పాను. మనవాళ్లు వింటే కదా. అధ్యక్షుడు శాలువా విప్పేసరికి ముందు వరసలో ఫోన్లు లేచాయి. అధ్యక్షుడు గబుక్కున శాలువాను శిల్పి ముఖానికి అడ్డంగా చాపి, రెండో కొస పట్టుకోమని నాకు సైగ చేశాడు. జీలకర్ర బెల్లం వేళ పెళ్లికూతురి ముందు తెర పట్టినట్టు ఇద్దరం నిలబడ్డాం.

"ఫోన్లు జేబుల్లో ఎట్టీయండి. అంతవరకూ తెర దించీది నేదు," అన్నాడాయన.

జనం గొల్లుమన్నారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ ఫోన్లు దాచారు. అప్పుడే శాలువా కప్పాం. ఫొటో అంటే ప్రాణం పెట్టే మనిషి ఆ పని చేశాక, ఆయన మీద నా కోపమంతా పోయింది.

తర్వాతి వారం షెడ్డుకు వెళ్లి, అక్కడేమైనా గొడవైందా అని శిల్పిని అడిగాను. చెల్లెలింటికి ఎవరూ రాలేదన్నాడు. తెలిసినవాళ్ల ఫోనులో ఆమెతో మాట్లాడాడట. సన్మానం సంగతి విని మురిసిపోయి, ఒక్క ఫొటో పంపమని అడిగిందట. అన్నను చూసి ఏళ్లు గడిచిపోయాయి మరి. పంపితే ఆమె దగ్గర పట్టుబడుతుంది, అందుకని అసలు తీయనేలేదని చెప్పాడట. పోనీ, జుట్టేమైనా నెరిసిందా అని అడిగిందట.

ఏం చెప్పారన్నాను.

"లేదన్నాను," అన్నాడు హిందీలో.

ఆయన తల ముగ్గుబుట్టయి ఎన్నాళ్లో అయింది.