కవల తమ్ముడికి కోనెం పులుసు

ఒక కోనెం చేప నా పరువును ముళ్ళతో సహా ఎలా మింగిందో చెబుతాను. నవ్వండి, పరవాలేదు, పోర్ట్ బ్లెయిర్‌లో మా డాలీగంజ్ పేటంతా ఎప్పుడో నవ్వేసింది.

అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది నేనూ, ఫ్యానూ. ఆ ఫ్యానైనా కరెంటుంటేనే పలికేది. అప్పుడు ఆన్‌లైన్‌లో కనబడింది: గొట్టంలో ఉమ్మి పంపితే పూర్వీకులెవరో, బంధువులెవరో చెబుతారట. పంపాను.

రిపోర్టు వచ్చింది. మా అమ్మమ్మల అమ్మమ్మలు వేల ఏళ్ళ కిందట ఆఫ్రికాలో బయల్దేరి, తరతరాలుగా తూర్పుకు నడిచి వచ్చారట. మా తాత శ్రీకాకుళం నుంచి ఓడెక్కి ఈ దీవికి రావడమే ఘనకార్యమనుకునేవాణ్ణి! కింద ఇంకో వరుస ఉంది: ‘దగ్గరి బంధువు: కవల. పేరు: ద్వీపవాసి. ఊరు: పోర్ట్ బ్లెయిర్.’

నా గుండె జెట్టీకి గుద్దుకున్న పడవలా ఊగింది. పక్కింటి అప్పలకొండ పిన్ని దగ్గరికి పరిగెత్తాను.

“పిన్నీ, నాకు కవల తమ్ముడున్నాడు!”

“పాగల్ అయిపోయావేటిరా? మీ అమ్మ పురుడు నేనే కదా చూసింది. ఒక్కడివే పుట్టావు.”

“నీకు జ్ఞాపకం లేదేమో.”

“ఒకటి లెక్కెట్టడం కూడా రాదేటి నాకు?”

నేను వినలేదు. పైగా, “ఇన్నాళ్ళూ దాచావు కదమ్మా” అని అమ్మ మీద అలిగి, రెండు రోజులు అమ్మ ఫొటో ముందు దీపం పెట్టలేదు. అది తలచుకుంటే మాత్రం నాకు నవ్వు రాదు.

తమ్ముడికి ఆ సైటులోనే రాశాను: ‘ఆదివారం భోజనానికి రా. నేనొక్కణ్ణే ఉంటాను.’ జవాబు లేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగతా సగం నేను కలుపుకున్నాను. కోనెం పులుసు పెట్టి, రెండు కంచాలు వేసి, గేటు దగ్గర నిలబడ్డాను. ఒంటిగంటయింది. రెండయింది. దారిన పోయే ప్రతి మగవాడి మొహంలోనూ నా ముక్కు వెతికాను. ఒకాయన భయపడి రోడ్డు దాటేశాడు.

మూడింటికి ఆగలేక ఆ కంపెనీకి ఫోన్ చేశాను.

“సర్, ద్వీపవాసి ఉమ్మి గొట్టం పెట్టె కూడా మీ అడ్రసుకే పంపాం,” అంది ఫోనెత్తిన అమ్మాయి. “వో భీ ఆప్ హీ హైఁ. ఆయనా మీరే సర్.”

అప్పుడు వెలిగింది. అమ్మ ఉన్న రోజుల్లో, సరదాకి ఇదే కంపెనీకి ఆ దొంగపేరుతో ఒకసారి ఉమ్మి పంపాను. జవాబు రాలేదని, పెట్టె ఓడలోనే ఎక్కడో పోయిందనుకుని మర్చిపోయాను. వాడటం మానేసిన పాత మెయిలు తెరిచి చూస్తే, మొదటి రిపోర్టూ, మొన్న తమ్ముడికని నేను రాసిన పిలుపూ, చదివే దిక్కులేక పడున్నాయి.

పిన్ని గుమ్మంలోకి వచ్చింది. “వచ్చాడేట్రా?”

“వచ్చాడు పిన్నీ. పుట్టినప్పట్నించీ ఇక్కడే ఉన్నాడు.”

సంగతంతా విని పడీ పడీ నవ్వింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, రెండో కంచం ముందు కూర్చుంది.

“వడ్డించు మరి. మీ ముసలమ్మలు అంత దూరం నడిచొచ్చారు గానీ, నువ్వు గోడ దాటి నన్నో ముద్దకి పిలవలేకపోయావు.”

ఆ సాయంత్రం దీపం వెలిగించి అమ్మను క్షమించమన్నాను. సముద్రం సాక్షిగా ఒట్టు కూడా పెట్టుకున్నాను: ఇకపై ఎవరినైనా భోజనానికి పిలిచేముందు, వాళ్ళు నేను కాదని రూఢి చేసుకుంటాను.