ఎలోయిసా నడిచిన పొలిమేర

న్యూమెక్సికోలో ఒక నది ఒడ్డున మూడు వందల ఏళ్లనాటి పల్లె ఉంది. పక్కనున్న నగరం దాన్ని తనలో కలుపుకోవాలని చూసింది. చారిత్రక గ్రామమని కౌంటీ, అంటే అక్కడి జిల్లా యంత్రాంగం, గుర్తిస్తే మాత్రం, ఊరివాళ్లు ఒప్పుకోనిదే ఎవరూ కలుపుకోలేరు. అందుకు ఊరివాళ్ల సంతకాలతో పాటు ఊరి పొలిమేర మ్యాప్ కావాలి. ఆ పని, పదేళ్ల క్రితం అక్కడ ఇల్లు కట్టుకున్న రిటైర్డ్ సర్వే ఇంజనీరు కొండల్ రావు మీద పడింది.

పొలిమేర తెలిసిన మనిషి ఎనభై ఏళ్ల ఎలోయిసా ఒక్కతే. పొగమంచు కమ్మిన ఓ ఉదయం ఆయన ఆమె వెనకే నడిచాడు. ఆప్రికాట్ పూలు గాల్లో తేలుతున్నట్టున్నాయి.

"ఊరు దాటేముందు మా నాన్న ఇక్కడ ఆగి టోపీ తీసేవాడు," అందామె. ఆయన అక్కడొక చుక్క పెట్టుకున్నాడు. ఆమె చిన్నతనంలోకి తనూ నడిచి వెళ్తున్నట్టు ఆయనకి అనిపించింది.

ఎలోయిసాతో కలిసి ఇంటికొచ్చి ఆయన గీసిన మ్యాప్ చూసి భార్య విజయశ్రీ అడిగింది. "ఏమండీ, మన ఇల్లేదీ?"

"పొలిమేర కాలువ దాకే. మనది అవతల కదా. సిటీలోకి పోతుంది," అన్నాడు నెమ్మదిగా, ఎలోయిసాకీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో.

కాఫీ తాగుతున్న ఎలోయిసా తలెత్తింది. "మీ చెట్లకి నీళ్లెక్కడివి, రావ్?"

"ఊరి కాలువవే."

"ఆ నీళ్లు పారినంత మేరా మా ఊరే."

ఆమె పెన్సిల్ అందుకుని గీతను వాళ్ల పెరటి చుట్టూ తిప్పింది. ఆయన ఆ గీత మీదే ఇంకుతో దిద్దాడు.

వేసవిలో కౌంటీ ఆ మ్యాప్‌ని ఆమోదించి, పల్లెని చారిత్రక గ్రామంగా గుర్తించింది. ఆ సాయంత్రం కొండల్ రావు పెరట్లో కుర్చీ వేసుకుని, ఎదురుగా గుట్టలు ఎర్రబడటం చూస్తూ చూస్తూ కునుకులోకి జారిపోయాడు.