అద్దాన్ని కాల్చింది ఎవరు

పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో మేం పెద్ద లేజర్లలో వాడే అద్దాలకు పూత వేసేవాళ్ళం. ఆ పూత మీద సూదిమొనంత మరక ఉన్నా చాలు, లేజర్ తగలగానే సరిగ్గా అక్కడే కాలి గుంట పడుతుంది.

ఆయుధపూజ అయిన వారానికి లేజర్ పరీక్షలో ఒక అద్దం కాలింది. అద్దాలు తుడిచే పెద్దాయన పూజ రోజు పూత మిషన్‌కు కుంకుమ బొట్టు పెట్టాడు. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. "మిషన్‌కు బొట్టేంటయ్యా, బుద్ధుందా?" అని అందరి ముందూ అరిచాను.

"బయట తలుపుకే పెట్టినానప్పా, లోపల చెయ్యి పెట్టలేదు," అన్నాడాయన.

నేను వినలేదు. ఆయన్ని తీసేయమని రాసిచ్చింది నేనే. నెల తిరక్కుండా పంపించేశారు.

మిషన్ మొత్తం కడిగించి మళ్ళీ పూత వేశాం. ఆ అద్దమూ కాలింది.

పరీక్షకు పంపేముందు ప్రతి అద్దాన్నీ ఆఖరున చూసేది నేనే. మూడో అద్దాన్ని లైటు కింద పట్టుకుంటే అంచున సన్నటి నూగు కనబడింది. మాస్కు కిందికి లాగి, ఇంట్లో కళ్ళజోడు మీద ఊదినట్టే ఉఫ్‌మని ఊదాను.

పక్కనే ఉన్న కొత్త ఇంజనీరమ్మాయి నా వైపు విస్తుపోయి చూసింది. "సార్, ఉమ్మి తుంపర పడదా? ఎప్పుడూ ఇట్లాగే ఊదుతారా?"

ఎప్పుడూ ఇట్లాగే ఊదుతాను.

అదీ కాలింది. రిపోర్టులో కారణం అన్నచోట 'దుమ్ము' అని రాసి సంతకం పెట్టాను.