తొమ్మిదో పాట చివర నా కేక

ఈ రోజు ఆదివారం. మా మేడ మీద గదిలో ఉండే గాయకుడు పోయి అయిదు రోజులైంది. బ్యాండు వదిలేసి, మొదటిసారి సొంతంగా చేసుకున్న పాటల రికార్డు బయటికి రాకముందే పోయాడు. అది ఏ రూపంలో రావాలో రేపు తేలుస్తారు. ఆ విషయంలో నేను దాచిన మాట ఒకటుంది. అందుకని ఇవాళే రాస్తున్నాను.

మంగళవారం పొద్దున ఏడు నలభైకి ఫోను వచ్చింది. మద్దిలపాలెం డిపో ఎదుట టీ తాగుతూ కూలిపోయాడట. ఆసుపత్రికి చేర్చేలోపే గుండె ఆగిపోయిందట. ముప్పై నాలుగేళ్లు. నేను నమ్మలేదు. గేటు చప్పుడు కాలేదు, అతను పైనే ఉన్నాడు, మీరు ఇంకెవరినో చూసి ఉంటారు అని ఫోను పెట్టేశాను. మెట్లెక్కి తలుపు కొట్టాను. తాళం వేసి ఉంది. తాళం చూస్తూనే మరో రెండుసార్లు కొట్టాను. నా పూజ మధ్యలో చప్పుడు కాకూడదని గేటును కాస్త పైకెత్తి తెరిచేవాడని పక్కింటావిడ తర్వాత చెప్పింది. రెండేళ్లుగా ఆ సంగతి నాకు తెలియదు.

వాళ్లది యారాడ. సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. తండ్రి లేడు, తల్లి చేపలమ్ముతుంది. ఎనిమిదేళ్లు ఒక రాక్ బ్యాండులో పాడాడు. కాలేజీల్లో, హోటళ్లలో, ఎక్కువగా ఇంకొకరి పాటలే. గది కోసం వచ్చినప్పుడు బ్యాండు ఎందుకు మానేశావని అడిగాను. నిలకడ లేనివాళ్లకు నేను ఇల్లివ్వను.

"ఎనిమిదేళ్లు ఇంకొకల గొంతులాగే పాడేను మామ్మగారూ. నా గొంతు ఎలగుంటాదో మాయమ్మకే తెలీదు" అన్నాడు.

ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను. సూటిగా చెప్పిన జవాబుకు మార్కులు కోయడం నాకు చేతకాదు. గది ఇచ్చాను. మధ్యాహ్నం నేను పడుకునే రెండు గంటలూ, సాయంత్రం అయిదున్నరకు నా ట్యూషను పిల్లలు వచ్చాకా పాట వినపడకూడదన్నాను. ఎప్పుడు మొదలెట్టాడో, ఎప్పుడు ఆపాడో నోటుబుక్కులో రాసేదాన్ని. మాట తప్పితే చూపించి ఖాళీ చేయించాలని. నాలుగుసార్లు తప్పాడు. నాలుగుసార్లూ రాసి ఊరుకున్నాను.

మండుటెండల్లో ఒకరోజు కిటికీలోంచి చూస్తే గోడల నిండా బొంతలు వేలాడుతున్నాయి. ఫ్యాను తిరగడం లేదు. మధ్యలో అతను చెమటకు తడిసి నిలబడి ఉన్నాడు. ఫ్యాను పాడైందనుకుని ఎలక్ట్రీషియనును పిలిపించాను. వచ్చి చూసి, బాగానే ఉంది, ఆయనే ఆపుకున్నాడు అని నవ్వి వెళ్లాడు. ఫ్యాను గాలి కూడా రికార్డులో పడుతుందట. గది మోత తగ్గడానికి ఆ బొంతలు. వాళ్లమ్మ కుట్టినవి, యారాడ బస్సులో ఒక్కొక్కటే తెచ్చుకున్నాడు.

చెప్పులు గోడవైపు తిప్పి విడిచేవాడు. పాట కుదిరిన పూట కిందికొచ్చి గడప బయట నిలబడి మజ్జిగ అడిగేవాడు. కుదరకపోతే వచ్చేవాడు కాదు. మొదటి చరణం కాస్త శుభ్రంగా మళ్లీ పాడరాదా అని ఒకసారి అన్నాను.

"పాడీసిన పాటకి సబ్బెట్టి తోమీకూడదు మామ్మగారూ" అన్నాడు.

గురువారం యారాడ వెళ్లాను. వాళ్లమ్మ ముందు నాకు చాప పరిచింది. తర్వాత, "పాటలు బాగుండీవా అమ్మగారూ? నాకినిపించలేదు. అన్నీ అయ్యేక ఒక్కసారే తెత్తానన్నాడు" అంది. బాగుండేవి అన్నాను. ఆ మాట రెండేళ్లలో అతనితో ఒక్కసారీ అనలేదు.

శుక్రవారం అతని స్నేహితుడు వచ్చాడు. బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు, ఈ రికార్డుకు సాయం చేసినవాడూ అతనే. రికార్డులో తొమ్మిది పాటలు. ఎనిమిది పూర్తయ్యాయి. తొమ్మిదోది పదిహేడుసార్లు పాడి ఉంచాడు. ఏది ఉంచాలో ఎవరికీ చెప్పలేదు. ఆఖరుసారి పాడింది తీసుకుని, బ్యాండు వాయిద్యాలు కలిపి, బ్యాండు పేరుతోనే విడుదల చేద్దామని మిగతావాళ్లు అంటున్నారట. అతని పేరు ఎవరికీ తెలియదట. చెబుతూ ఆ అబ్బాయి ఏడ్చాడు. చెడ్డవాడు కాదు.

పదకొండోసారి పాడింది వినిపించమన్నాను. వినిపించాడు. చివర అతని గొంతు లేచి నిలబడిన చోట తలుపు మీద మూడు దెబ్బలు. ఆ వెంటనే నా గొంతు: "టైమైంది. చాలించు." తర్వాత అతని నవ్వు. అంతే.

నా గొంతు అంత కటువుగా ఉంటుందని డెబ్బై ఆరేళ్లలో ఎవరూ చెప్పలేదు.

"మీ కేక తీసీగలను మామ్మగారూ, రొండు నిమిషాల పని. లేపోతే ఆకరిదే పెట్టీద్దాం. మీకూ బాగోదు కదా" అన్నాడు ఆ అబ్బాయి. వాడు ఏది ఉంచమన్నాడో మీరేమైనా రాసుకున్నారా అని కూడా అడిగాడు. నోటుబుక్కు చూసి చెబుతానన్నాను. నోటుబుక్కు అప్పటికే నా ఒళ్లో ఉంది.

అందులో ఉన్నది ఇది: "బుధవారం. నాలుగు పదికి మొదలు. పదకొండోసారి పాడుతుండగా అయిదు ముప్పై రెండుకు తలుపు కొట్టాను. ఆపాడు. ఇదే ఉంచుతాను, రాసుకోండి అన్నాడు. మజ్జిగ తాగాడు."

అప్పుడు హాస్యమాడుతున్నాడనుకున్నాను. తర్వాత మరో ఆరుసార్లు పాడాడు, ఒక్కసారీ మజ్జిగకు రాలేదు. ఇప్పుడు రెండు రోజులు నోరు మెదపలేదు. ఒక మనిషి ఆఖరి పాటను కసిరి ఆపిన ముసలమ్మగా ఊరందరికీ వినపడడం నాకు ఇష్టం లేకపోయింది. కానీ ఆ పాట నాది కాదు.

ఇక జరగవలసినవి:

1. తొమ్మిదో పాటగా పదకొండోసారి పాడిందే ఉండాలి. నా కేక తీయకూడదు.

2. బ్యాండు వాయిద్యాలేవీ కలపకూడదు. రికార్డు మీద అతని పేరొక్కటే ఉండాలి. తెలియనివాళ్లు తెలుసుకుంటారు.

3. రేపు పొద్దున తొమ్మిదికి నోటుబుక్కు అతని స్నేహితుడి చేతికి ఇస్తాను. ఆ పేజీ మడత పెట్టాను.

4. పెద్దకర్మ అయ్యాక, లోకానికంటే ముందు, యారాడలో వాళ్లమ్మకు వినిపించాలి. వాళ్ల గుమ్మంలోనే, పెద్ద స్పీకరు పెట్టి, మొదటి పాట నుంచి. మళ్లీ పెట్టమంటే మళ్లీ పెట్టాలి. చీకటి పడినా సరే, ఆమె చాలనేదాకా ఎవరూ ఆపకూడదు.