రుచి చూసిన సూపు

మా నాయన నలభై ఏళ్ళు గుడి వంటశాలలో పనిచేశారు. ఆ నలభై ఏళ్ళలో తాను వండినదేదీ పెరుమాళ్ళకు నివేదించక ముందు నాలుక మీద వేసుకోలేదు. ఉప్పు పిడికిలితో కొలిచేవారు, సరిపోయిందో లేదో ఆవిరి వాసనను బట్టి చెప్పేవారు. ఆ చేయి నాకు రాలేదు. నాకు వచ్చినవి బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం, ప్రతిదీ రాసిపెట్టుకునే అలవాటు. ఎనభైల మొదట్లో తిరుపతిలో, మా ఇంట్లో జరిగిన ఈ సంగతిని ఆనాటి నోటుబుక్కు ముందు పెట్టుకునే రాస్తున్నాను. మా బంధువులు ఈనాటికీ దీన్ని మరోలా చెప్పుకుంటున్నారు గనుక రాయక తప్పడం లేదు.

నాయనకు దవడ ఆపరేషను జరిగింది. నోరంతా పుండు, మాట లేదు. ఇంటికి పంపుతూ డాక్టరు ఒకటే చెప్పాడు. మెత్తగా మెదిపి వడకట్టిన కూరగాయల సూపు రోజుకు నాలుగు గ్లాసులు లోపలికి పోవాలి, పోకపోతే మళ్ళీ ఆసుపత్రికి తీసుకురావాలి, ముక్కులోంచి గొట్టం వేస్తారు. గొట్టం మాట వినగానే నాయన కళ్ళు మూసుకున్నారు.

మా ఇంట్లో వంటిల్లు మేనత్తది.

"సూపంటే ఏందే?" అని అడిగింది. చెప్పాను. "దానికంత పేరెందుకు? పప్పుకట్టులో కూరగాయ యేసి మెదిపితే సరి. పెరుమాళ్ళకు పెట్టని క్యారెట్టు మాత్రం ఈ గడప తొక్కేదానికి లేదు, సెప్తుండా."

క్యారెట్టు లేకుండానే చేశాను. ఐరాల నుంచి బస్సు మీద వచ్చే ఎర్ర గుమ్మడికాయ, లేత బీరకాయ, గుప్పెడు పెసరపప్పు కలిపి మెత్తగా ఉడికించడం, పప్పుగుత్తితో మెదపడం, మల్లుగుడ్డలో వేసి పిండడం, మళ్ళీ ఒక పొంగు రానిచ్చి ఉప్పు వేసి దించడం. ఇంతకన్నా సులువైన వంట నేనెరగను. రెండు రోజులు సాఫీగా సాగాయి. నోటుబుక్కులో గ్లాసుకొక గీత చొప్పున నాలుగేసి గీతలున్నాయి.

మూడో రోజు పొద్దున నేను పెరట్లోకి వెళ్ళి వచ్చేలోపల అత్త ఉప్పు వేసింది. నాకు చెప్పలేదు. నేనూ వేశాను. నైవేద్యానికి ముందు మా ఇంట్లో ఎవరూ రుచి చూడరు గనుక ఎవరికీ తెలియలేదు. పెరుమాళ్ళ ముందు పెట్టి తెచ్చి నాయనకు ఇచ్చాం. పచ్చి పుండు మీద రెండింతల ఉప్పు. మొదటి గుక్కకే ఒళ్ళంతా బిగుసుకుపోయింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆ రోజు మళ్ళీ నోరు తెరవలేదు. ఆనాటి తేదీ ఎదుట సున్నా ఉంది.

పొరపాటు ఎవరికైనా జరుగుతుందన్నారు చూడవచ్చినవాళ్ళు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఒక్క చెంచా నోట్లో వేసుకుంటే తప్పిపోయేదాన్ని పొరపాటు అనరు.

మరునాడు పొయ్యి దగ్గరే నిలబడి, అత్త చూస్తుండగానే, ఒక చెంచాడు తీసి తాగాను.

"అయ్యో, ఎంగిలి సేసినావు గదే! పెరుమాళ్ళకు పెట్టేది!"

"పెరుమాళ్ళ నోట్లో పుండు లేదత్తా. నాయనకు ఉండాది."

"బడిలో పిల్లోళ్ళకు సెప్పుకో నీ లెక్కలు. నీ ఎంగిలి మీ నాయన ముట్టడు, సూస్తా ఉండు." కాసేపటికి ఆమే గొంతు తగ్గించింది. "మందని సెప్పి ఇయ్యి. మందుకు నైవేద్యం లేదు. నువ్వు రుచి సూసినావని ఆయనకెందుకు తెలియల్ల?"

"ఇది మందు కాదు, అన్నం. చూసినాననే చెప్తా."

నలభై ఏళ్ళు నియమం తప్పని మనిషిని మోసపుచ్చి తాగించడం నాకు ఎంగిలికన్నా హీనంగా తోచింది. నోటుబుక్కులో ఇలా రాశాను: "గుమ్మడి, బీర, పెసరపప్పు. ఉప్పు అర చెంచా, నేనొక్కదాన్నే వేశాను. నివేదన కాలేదు. రుచి చూశాను." గ్లాసుతో పాటు ఆ పేజీ కూడా నాయన ముందు పెట్టాను.

రెండుసార్లు చదివారు. గుమ్మంలో నిలబడ్డ తన చెల్లెలి వైపు చూశారు, నా వైపు చూశారు. గ్లాసు అందుకుని, అలవాటు కొద్దీ ముందు వాసన చూశారు. తరువాత ఆగి ఆగి, అడుగుదాకా తాగారు. పెన్సిలు కోసం చేయి చాచి, నా వాక్యం కింద రాశారు: "ఉప్పు చాలదు."

"ఏం రాసినాడే?" అంది అత్త. చదివి వినిపించాను.

"సూసినావా! రుచి సూసి కూడా సరిగ్గా యేయలేకపోతివి!"

రెండో గ్లాసులో చిటికెడు ఉప్పు కలిపి, ఆమె ఎదుటే మళ్ళీ రుచి చూశాను. ఆ పేజీలో నాలుగు గీతలున్నాయి.