జర దురస్తు చేసిన

మెదక్‌లో మా రైస్ మిల్లు ఆయిల్ ఇంజన్‌ను చూసుకునేది ముగ్గురం. దాని మీద ఎవరు చెయ్యి వేసినా, ఇంటికి పోయే ముందు ఏం మార్చిందీ పలక మీద రాసి పోవాలి. ఈ రోజు పొద్దున ఎంత తిప్పినా ఇంజన్ అందుకోలేదు. పలక మీద రాత్రి డ్యూటీ చేసిన ఖాజా దస్తూరీ: "జర దురస్తు చేసిన."

కొంచెం బాగుచేశాడట. దేన్ని?

ఎల్దుర్తి నుంచి బండి కట్టుకొచ్చిన రైతు వడ్ల బస్తా మీద కూర్చొని ఒకటే మొత్తుకోలు. "రేపు మా నాయిన దినాలు మేస్త్రీ. బియ్యం లేకుంటే చుట్టాలకు ఏం పెట్టాలె?"

ఖాజా ఇంటికి పరుగెత్తాను.

"ఏం దురస్తు చేసినవ్ భాయ్?"

"ఇంజన్‌ను."

"ఇంజన్‌ల ఏంది?"

"యాదికి లేదు భాయ్. అన్నీ జర జర ముట్టిన. నేనొచ్చేటప్పుడు మస్తు నడిచింది."

ఏడుపొక్కటే తక్కువ. తిరిగొచ్చి నాజిల్ విప్పాను, ఫిల్టర్ కడిగాను, పైపులో గాలి తీశాను, కనబడ్డ నట్టల్లా బిగించాను. చివరికి ఇంజన్‌కు దండం కూడా పెట్టాను. పొద్దుగూకే వేళకు అది దగ్గి, పొగ కక్కి, నడిచింది. రైతు బియ్యంతో బండెక్కాడు.

ఇప్పుడు పలక తుడిచి, బలపం పట్టుకొని కూర్చున్నాను. దేనివల్ల నడిచిందో నాకూ తెలియదు. నా తర్వాత డ్యూటీ ఖాజాదే. ఏం రాయమంటారు? దండం పెట్టిన సంగతి కూడా రాయాలా?